ఎముక కట్టే కణాలను నడిపించేది ఇరుగుపొరుగే

చిన్నప్పటి నుంచి టెన్నిస్ ఆడినవాళ్ల రెండు చేతులకూ ఎక్స్‌రే తీస్తే తేడా కంటికే తెలిసిపోతుంది. రాకెట్ పట్టే చేతి ఎముక రెండో చేతి ఎముక కంటే మందంగా ఉంటుంది. రెండు చేతుల్లోనూ పారేది ఒకే రక్తం. అందులోని కాల్షియం, విటమిన్ డి, ఈస్ట్రోజెన్, పారాథైరాయిడ్ హార్మోన్ రెండింటికీ ఒకే పాళ్లలో అందుతాయి. అయినా ఒక చేతి ఎముకే బలిసింది. ఎముకల ఆరోగ్యం అనగానే గుర్తొచ్చే కాల్షియం మాత్రలతోనో, హార్మోన్లతోనో ఈ తేడాను వివరించలేం. దీనికి జవాబు ఎముక లోపలే ఉంది, ఒక కణం పక్క కణానికి పంపే రసాయన సంకేతాల్లో.

రక్తంలో కలిసి ఒళ్లంతా తిరిగేవి హార్మోన్లు. పుట్టినచోటే, చుట్టూ ఉన్న కొద్దిపాటి కణాల మీద పనిచేసి అక్కడే అంతమయ్యేవి స్థానిక సంకేత అణువులు. ఎముక కట్టే కణాల మీద హార్మోన్ల ప్రభావం పెద్దదే. కాని ఏ చోట కట్టాలి, ఎంత కట్టాలి, ఎప్పుడు ఆపాలి అన్నవి తేలేది ఈ స్థానిక అణువుల దగ్గరే. గత అరవై ఏళ్ల పరిశోధనను ఒకచోట పెట్టి చూస్తే గట్టిగా నిలిచే మాట ఒకటుంది. వీటిలో ఏ అణువుకూ 'ఎముక పెంచేది' అనో, 'ఎముక తగ్గించేది' అనో శాశ్వతంగా ముద్ర వేయలేం. అదే అణువు ఒకచోట కట్టిస్తుంది, మరోచోట ఆపిస్తుంది. మొదటి వారంలో చేసిన పనికి నెల తర్వాత తానే అడ్డుపడుతుంది. ఈ రంగంలో మందులు సాధించిన విజయాలూ, తిన్న ఎదురుదెబ్బలూ చాలావరకు ఈ సంగతిని పట్టించుకోవడం మీదా, పట్టించుకోకపోవడం మీదా ఆధారపడ్డాయి.

తవ్వకం, పూడిక

ఒకసారి పెరిగాక ఎముక అలాగే ఉండిపోతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి పెద్దవాళ్ల అస్థిపంజరంలో ఏటా సుమారు 10 శాతం పాత ఎముక పోయి కొత్తది వస్తుంది. ఈ పని అంతటా ఒకేసారి జరగదు. లక్షల చోట్ల, ఒక్కోచోట ఒక్కో దశలో, చిన్న చిన్న ముక్కలుగా నడుస్తుంటుంది. ముందుగా ఆస్టియోక్లాస్టులనే పెద్ద కణాలు ఎముకను అంటిపెట్టుకుని, యాసిడ్‌తో ఖనిజాన్ని కరిగించి, ఎంజైములతో కొల్లాజెన్ అనే పీచు ప్రోటీన్‌ను తెగ్గొట్టి ఒక గుంట చేస్తాయి. దీనికి రెండు మూడు వారాలు పడుతుంది. తర్వాత ఆ గుంటలోకి ఎముక కట్టే కణాలైన ఆస్టియోబ్లాస్టులు చేరతాయి. అవి మొదట కొల్లాజెన్ పొరలు పరుస్తాయి. ఆపైన వాటి మధ్య కాల్షియం ఫాస్ఫేట్ స్ఫటికాలు పేరుకునేలా చేస్తాయి. ఇందుకు మూడు నాలుగు నెలలు కావాలి. తవ్వకం వారాల్లో అయిపోతే పూడికకు నెలలు పడుతుందన్నమాట. ప్రతి గుంటలోనూ రవ్వంత తక్కువ పూడినా, పదేళ్లు, ఇరవై ఏళ్లు గడిచేసరికి ఎముక గుల్లబారుతుంది. ఆస్టియోపోరోసిస్ అని మనం పిలిచే జబ్బుకు చాలాసార్లు మూలం ఈ లెక్క తప్పడమే.

ఆస్టియోబ్లాస్టు ఆకాశం నుంచి ఊడిపడదు. మూలుగలో ఉండే మూలకణాల నుంచి తయారవుతుంది. అవే మూలకణాలు కొవ్వు కణాలుగా, మృదులాస్థి కణాలుగా కూడా మారగలవు. ఎముక దారి పట్టించే అసలు మీట రంక్స్2 అనే ప్రోటీన్. కేంద్రకంలో ఉండి, ఎముకకు కావలసిన జన్యువులను పని చేయించేది ఇదే. 1997లో ఈ జన్యువు రెండు నకళ్లూ లేని ఎలుకలను తయారు చేసి చూశారు. వాటి అస్థిపంజరం ఆకారంలో సరిగ్గానే ఉంది, కాని మొత్తం మృదులాస్థే. ఎముక అన్నదే లేదు. పక్కటెముకలకు గట్టిదనం లేక, ఊపిరి ఆడక పుట్టగానే చనిపోయాయి. మనుషుల్లో ఒక నకలు చెడితే కంఠాస్థులు పొట్టిగా ఉంటాయి, లేదా అసలు ఉండవు. అలాంటివాళ్లు రెండు భుజాలనూ ఛాతీ ముందుకు తెచ్చి దాదాపు ఒకదానికొకటి ఆనించగలరు. 2002లో ఆస్టెరిక్స్ అనే రెండో మీట బయటపడింది. అది రంక్స్2 తర్వాతి మెట్టు. కింద చెప్పుకోబోయే స్థానిక అణువులన్నీ చివరికి చేసేది ఈ మీటలను నొక్కడమో, నొక్కనివ్వకపోవడమో.

కండలో మొలిచిన ఎముక

ఈ కథకు ఒక స్పష్టమైన మొదలుంది. 1965లో అమెరికా ఎముకల శస్త్రచికిత్స నిపుణుడు మార్షల్ యూరిస్ట్ ఎముక ముక్కలను హైడ్రోక్లోరిక్ యాసిడ్‌లో నానబెట్టి ఖనిజమంతా తీసేశారు. మిగిలిన మెత్తటి పదార్థాన్ని జంతువుల కండరంలో పెట్టారు. కొన్ని వారాలకు అక్కడ, ఎముక ఉండకూడని చోట, మూలుగతో సహా కొత్త ఎముక పుట్టింది. పెట్టిన పదార్థంలో బతికున్న కణాలు లేవు. అంటే ఎముక కట్టింది ఆ జంతువు సొంత కణాలే. వాటికి 'కట్టండి' అని చెప్పినది మాత్రం ఆ పదార్థంలో దాగిన ఏదో రసాయనం. ఎముక తన ఆదేశాలను తన ఖనిజం కిందే దాచుకుని ఉంటుందని తెలిపిన ప్రయోగం ఇది. ఈ రంగంలో దీనికి మించిన ప్రయోగం మరొకటి చూపించడం కష్టం.

ఆ రసాయనాన్ని విడదీయడానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. ఎముకలో అది ఉండేది గ్రాముకు నానోగ్రాముల లెక్కలో. కిలోల కొద్దీ పశువుల ఎముక నుంచి వడకట్టి, 1988లో జాన్ వాజ్నీ బృందం ఆ ప్రోటీన్ల జన్యువులను పట్టుకుంది. వీటినే బోన్ మార్ఫోజెనెటిక్ ప్రోటీన్లు, పొట్టిగా బీఎంపీలు అంటారు. (అప్పుడు బీఎంపీ1 అని పేరు పెట్టినది తీరా చూస్తే ఈ కుటుంబానికి చెందనే చెందదు. అది కొల్లాజెన్ కొసలు కత్తిరించే ఎంజైము. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.) ఎముకకు ముఖ్యమైనవి బీఎంపీ2, బీఎంపీ4, బీఎంపీ7 వంటివి.

బీఎంపీ పనితీరు చూడ్డానికి సూటిగా ఉంటుంది. కణం ఉపరితలం మీద సంకేతాన్ని అందుకునే ప్రోటీన్లను గ్రాహకాలంటారు. వాటిలో రెండు రకాలను అది ఒకచోటికి చేరుస్తుంది. ఆ జోడీ లోపలున్న స్మాడ్1, స్మాడ్5, స్మాడ్8 అనే ప్రోటీన్లకు ఫాస్ఫేట్ తగిలిస్తుంది. అవి స్మాడ్4ను వెంటబెట్టుకుని కేంద్రకంలోకి వెళ్లి రంక్స్2, ఆస్టెరిక్స్ జన్యువులను నిద్ర లేపుతాయి. మరి ఆగడం ఎలా? దానికి ఏర్పాటు బీఎంపీ సంకేతంలోనే ఉంది. అదే సంకేతం నాగిన్ అనే ప్రోటీన్ తయారీని కూడా మొదలుపెడుతుంది. నాగిన్ కణం బయట బీఎంపీని గట్టిగా పట్టుకుని గ్రాహకాన్ని తాకనివ్వదు. కణం లోపల స్మాడ్6 ఇదే పని చేస్తుంది. కట్టమనే ఆజ్ఞతోపాటే ఆపే ఏర్పాటు కూడా బయల్దేరుతుంది కాబట్టి ఎముక పుట్టేది కొద్దిపాటి జాగాలోనే. ఈ ఏర్పాటు ఎంత ముఖ్యమో చూడాలంటే నాగిన్ లేకుండా పుట్టిన ఎలుకలను చూడాలి. వాటికి కీళ్లు ఏర్పడవు, వేళ్ల ఎముకలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. నాగిన్ జన్యువులో లోపమున్న మనుషుల్లోనూ వేళ్ల కీళ్లు అతుక్కుపోయి ఉండటం కనిపిస్తుంది. వేలి కీలు మడవడానికి కావలసిన ఆ సన్నటి సందు కూడా ఒక స్థానిక అణువు 'ఇక్కడ వద్దు' అనడం వల్ల మిగిలిందే.

ఫైబ్రోడిస్‌ప్లేసియా ఆసిఫికన్స్ ప్రోగ్రెసివా అనే అతి అరుదైన జబ్బులో ఈ హద్దు పూర్తిగా చెరిగిపోతుంది. పది, ఇరవై లక్షల మందిలో ఒకరికి వస్తుంది. కండరాలు, స్నాయువులు క్రమంగా ఎముకగా మారిపోతాయి. చిన్న దెబ్బ తగిలినా, కండకు ఇంజెక్షన్ ఇచ్చినా ఆ చోట ఎముక మొలవడం మొదలవుతుంది. మొలిచినదాన్ని కోసి తీసేస్తే మరింత మొలుస్తుంది. 2006లో దీని మూలం దొరికింది. బీఎంపీ గ్రాహకాల్లో ఒకటైన ఏసీవీఆర్1లో 206వ స్థానంలో ఆర్జినిన్ బదులు హిస్టిడిన్ చేరుతుంది. ఒక్క అక్షరం మార్పు. అసలు విచిత్రం 2015లో తెలిసింది. మామూలు గ్రాహకం దగ్గర ఎముకను కట్టించని యాక్టివిన్-ఎ అనే అణువును ఈ మారిన గ్రాహకం 'కట్టు' అన్న ఆజ్ఞగా తీసుకుంటుంది. దెబ్బ తగిలినచోట వాపుతోపాటు వచ్చే అణువే యాక్టివిన్-ఎ. అందుకే దెబ్బ తగిలినచోటల్లా ఎముక. అణువు మారలేదు, దాన్ని వినే కణం మారింది. ఒక అణువు అర్థాన్ని విడిగా చెప్పలేమని దీనికంటే గట్టిగా రుజువు చేసే ఉదాహరణ దొరకదు.

మందుగా బీఎంపీ నడిచిన దారి కూడా ఇదే పాఠం చెప్పింది. 2002లో అమెరికా ఆహార, ఔషధ సంస్థ నడుం భాగంలో వెన్నుపూసలను కలిపే శస్త్రచికిత్సకు బీఎంపీ2ను అనుమతించింది. రోగి తుంటి నుంచి ఎముక తీసి అతికించే బాధ తప్పింది. నిజంగా గొప్ప వెసులుబాటు. కాని కొల్లాజెన్ స్పాంజిలో నానబెట్టి పెట్టే ఈ మందు మోతాదు మిల్లీగ్రాముల్లో ఉంటుంది. ఎముక సహజంగా వాడుకునేది నానోగ్రాములు. అంటే లక్షల రెట్ల తేడా. స్పాంజి నుంచి అది త్వరగా కారిపోతుంది కాబట్టి అంత పోయాల్సి వచ్చింది. కారినది పక్క కణజాలాలకు చేరితే అక్కడ వాపు, అక్కర్లేని చోట ఎముక. మెడ భాగంలో వాడినప్పుడు గొంతు వాచి శ్వాసకు అడ్డుపడిన ఘటనలు వచ్చాయి. 2008లో ఆ సంస్థే దీనిపై హెచ్చరిక జారీ చేసింది. అణువులో తప్పు లేదు. పక్క కణానికి మాత్రమే వినబడాల్సిన మాటను ఊరంతటికీ వినబడేలా చెప్పడమే తప్పు.

ఎముకలో పూడిపోయిన కణం చేతిలో పగ్గం

గుంట పూడ్చడం పూర్తయ్యాక ఆస్టియోబ్లాస్టుల్లో ఎక్కువ భాగం చనిపోతాయి. కొన్ని పలచగా సాగి ఎముక ఉపరితలాన్ని కప్పుకుంటాయి. మిగిలిన కొన్ని తాము పరిచిన పొరల్లో తామే చిక్కుకుని ఆస్టియోసైట్లుగా మారతాయి. ఎముకలోని కణాల్లో నూటికి తొంభైకి పైగా ఇవే. దశాబ్దాల పాటు బతుకుతాయి. ఒక్కో కణం నుంచి పదుల కొద్దీ సన్నటి పోగులు, మైక్రోమీటరు వెడల్పు కూడా లేని కాల్వల గుండా సాగి, పక్క ఆస్టియోసైట్లనూ, ఉపరితలం మీది కణాలనూ తాకుతుంటాయి. చాలాకాలం వీటిని పని అయిపోయి మిగిలిపోయిన కణాలుగానే చూశారు. ఇప్పుడు తెలిసిందేమంటే, ఎముక కట్టే పనికి పగ్గం వీటి చేతిలోనే ఉంది.

ఆ పగ్గాన్ని అర్థం చేసుకోవాలంటే వింట్ అనే సంకేత కుటుంబం దగ్గర మొదలుపెట్టాలి. ఆస్టియోబ్లాస్టు లోపల బీటా-కాటెనిన్ అనే ప్రోటీన్ నిత్యం తయారవుతూ, నిత్యం ముక్కలైపోతూ ఉంటుంది. దాన్ని ధ్వంసం చేయడానికి కొన్ని ప్రోటీన్ల గుంపు కాచుకుని ఉంటుంది. వింట్ అణువు వచ్చి కణం మీదున్న ఫ్రిజిల్డ్ గ్రాహకాన్నీ, దాని జోడీ అయిన ఎల్‌ఆర్‌పీ5 లేదా ఎల్‌ఆర్‌పీ6నూ కలిపి పట్టుకుంటే ఆ ధ్వంసం ఆగుతుంది. పోగుపడిన బీటా-కాటెనిన్ కేంద్రకంలోకి వెళ్తుంది. అక్కడ అది మూలకణాన్ని కొవ్వు దారి నుంచి తప్పించి ఎముక దారిలో పెడుతుంది, ఆస్టియోబ్లాస్టుల చావును వాయిదా వేస్తుంది.

ఇది ఎంత కీలకమో ప్రయోగశాల కంటే ముందు కుటుంబాలు చూపించాయి. 2001లో, పసితనంలోనే ఎముకలు పెళుసై, చూపు పోయే ఒక జబ్బుకు ఎల్‌ఆర్‌పీ5 పనిచేయకపోవడమే కారణమని తేలింది. మరుసటి ఏడాది అదే జన్యువులో మరో రకం మార్పు ఉన్న కుటుంబాలు వెలుగులోకి వచ్చాయి. వీళ్ల ఎముకలు అసాధారణంగా దట్టంగా ఉన్నాయి. ఆ మార్పు వల్ల ఎల్‌ఆర్‌పీ5 వింట్‌ను ఎక్కువగా వింటోందని కాదు. దానికి అడ్డుపడే ప్రోటీన్లు అంటుకోలేకపోతున్నాయి. అసలు కథ అడ్డుపడే అణువుల దగ్గరే ఉందని అప్పుడే సూచన అందింది.

ఆ అడ్డుపడేవాటిలో ముఖ్యమైనది స్క్లెరోస్టిన్. దీని జన్యువు కూడా 2001లోనే దొరికింది. దక్షిణాఫ్రికాలోని ఆఫ్రికానర్ సముదాయంలో కనిపించే స్క్లెరోస్టియోసిస్ అనే జబ్బుతోనూ, నెదర్లాండ్స్‌లో కనిపించే వాన్ బుకెం జబ్బుతోనూ ఈ పరిశోధన నడిచింది. స్క్లెరోస్టియోసిస్ ఉన్నవాళ్ల ఎముకలు ఎంత దట్టమంటే అవి విరగడం అన్నది దాదాపు వినం. కాని ఎముక పెరుగుదలకు ఆపు లేదు. దవడ, నుదురు పెరుగుతూ పోతాయి. పుర్రెలో నరాలు బయటికి వచ్చే రంధ్రాలు ఇరుకై ముఖ పక్షవాతం, చెవుడు వస్తాయి. మెదడు మీద ఒత్తిడి పెరిగి ప్రాణాపాయం కూడా కలుగుతుంది. ఒక నకలు మాత్రమే చెడినవాళ్లు మాత్రం మామూలు కంటే కాస్త గట్టి ఎముకలతో ఆరోగ్యంగా ఉంటారు. స్క్లెరోస్టిన్ పూర్తిగా లేకపోవడం వేరు, కాస్త తగ్గడం వేరు అని ప్రకృతే ఇలా చూపించింది. తర్వాత వచ్చిన మందుకు ధైర్యం ఇచ్చింది ఈ సంగతే.

స్క్లెరోస్టిన్‌ను మొదట బీఎంపీకి అడ్డుపడేదని అనుకున్నారు. తర్వాత అది అంటుకునేది ఎల్‌ఆర్‌పీ5, ఎల్‌ఆర్‌పీ6లకని రుజువైంది. దాన్ని తయారుచేసేది దాదాపుగా ఆస్టియోసైట్లే. ఇక్కడ దగ్గరగా చూడాల్సిన సంగతి ఒకటుంది. అప్పుడే పూడిపోయిన ఆస్టియోసైటు స్క్లెరోస్టిన్‌ను వదలదు. చుట్టూ ఉన్న పొర ఖనిజంతో గట్టిపడ్డాకే వదలడం మొదలుపెడుతుంది. అంటే 'ఇక చాలు' అన్న కబురు, నిజంగా గట్టిపడిన ఎముక నుంచే బయల్దేరుతుంది. సన్నటి కాల్వల గుండా ఆ కబురు ఉపరితలానికి చేరి అక్కడి ఆస్టియోబ్లాస్టులను నెమ్మదింపజేస్తుంది.

టెన్నిస్ చేతి ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే దొరుకుతుంది. ఎముక మీద బరువు పడితే అది కంటికి కనబడనంత వంగుతుంది. వంగినప్పుడు కాల్వల్లోని ద్రవం కదులుతుంది, ఆ కదలికను ఆస్టియోసైటు గుర్తిస్తుంది. 2008లో ఎలుకల ముంజేతి ఎముకను పద్ధతిగా వంచి చూసినప్పుడు స్క్లెరోస్టిన్ తగ్గింది. అదీ ఎముకంతటా కాదు, ఎక్కువగా వంగిన భాగంలోనే. కొత్త ఎముక పడింది కూడా ఆ భాగంలోనే. ఎలుకలను తోకతో వేలాడదీసి వెనక కాళ్ల మీద బరువు లేకుండా చేస్తే స్క్లెరోస్టిన్ పెరిగింది, ఎముక తగ్గింది. జన్యుమార్పిడితో స్క్లెరోస్టిన్ తగ్గకుండా బిగించిన ఎలుకలకు ఎంత బరువు పెట్టినా ఎముక సరిగా పెరగలేదు. అంతరిక్షంలో వ్యోమగాములు తుంటి ఎముకలో నెలకు 1 నుంచి 1.5 శాతం పోగొట్టుకోవడాన్ని ఈ కోణంలో చూస్తే ఆశ్చర్యం కలగదు. తిండిలో కాల్షియం ఉంది. ఎముక మీద బరువు లేదు, పగ్గం వదలమని ఆస్టియోసైట్లకు చెప్పేది లేదు.

ఎల్‌ఆర్‌పీ5 విషయంలో ఒక పెద్ద వాదన కూడా నడిచింది. ఎల్‌ఆర్‌పీ5 ఎముకలో కాదు, పేగులో పనిచేస్తోందని, అక్కడ సెరటోనిన్ తయారీని అదుపు చేసి రక్తం ద్వారా దూరం నుంచే ఎముకను శాసిస్తోందని 2008లో ఒక బృందం ప్రకటించింది. అది నిజమైతే స్థానిక సంకేతాల కథ మొత్తం తిరగబడేది. 2011లో మరో బృందం నేరుగా పరీక్ష పెట్టింది. ఎముక దట్టమయ్యే రకం ఎల్‌ఆర్‌పీ5 మార్పును ఎలుకల ఎముక కణాల్లో మాత్రమే పెట్టి ఒకసారి, పేగులో మాత్రమే పెట్టి మరోసారి చూసింది. ఎముకలో పెట్టినప్పుడు ఎముక పెరిగింది. పేగులో పెట్టినప్పుడు ఏమీ కాలేదు. మొదటి బృందం ఫలితాలను పూర్తిగా కొట్టిపారేయడానికి తొందరపడనక్కర్లేదు కాని, బరువైన సాక్ష్యం స్థానిక వివరణ వైపే ఉంది. స్క్లెరోస్టిన్ మీద తర్వాత జరిగిన పనంతా దాన్నే బలపరిచింది.

తవ్విన కణమే కబురు పెడుతుంది

ఆస్టియోక్లాస్టు తవ్విన గుంటలోనే, తవ్వినంత మేరే ఆస్టియోబ్లాస్టులు ఎలా చేరతాయి? దీనికి జవాబులో కొంత భాగం ఎముక పదార్థంలోనే నిల్వ ఉంది. ఎముకను కట్టేటప్పుడే ఆస్టియోబ్లాస్టులు టీజీఎఫ్-బీటా1 అనే అణువును ఒక ప్రోటీన్ తొడుగులో చుట్టి, పనిచేయని రూపంలో పొరల్లో పెట్టేస్తాయి. ఏళ్ల తర్వాత ఆస్టియోక్లాస్టు అక్కడికి వచ్చి యాసిడ్ వదిలినప్పుడు తొడుగు విడిపోయి అణువు మేల్కొంటుంది. గుంట దగ్గర దాని గాఢత ఎక్కువ, దూరం పోయేకొద్దీ తక్కువ. ఆ వాలును పట్టుకుని మూలకణాలు గుంట దగ్గరికి నడిచి వస్తాయి. తరాల కిందట కట్టిన కణాలు, తమ తర్వాత వచ్చేవాళ్ల కోసం పిలుపును ఎముకలోనే దాచి వెళ్లాయన్నమాట.

ఈ వాలే ప్రాణం అని, ఎముకలు మందమయ్యే కమురాటి-ఎంగెల్‌మన్ అనే వంశపారంపర్య జబ్బు చెబుతుంది. ఆ జబ్బులో తొడుగు వదులుగా ఉండి టీజీఎఫ్-బీటా1 అంతటా మేల్కొని ఉంటుంది. అంతటా పిలుపు వినబడితే ఏ గుంటకు వెళ్లాలో మూలకణాలకు తెలియదు. 2009లో ఆ జన్యుమార్పు ఉన్న ఎలుకల్లో సరిగ్గా ఇదే చూశారు. కట్టే కణాలు గుంటలకు చేరలేదు. కొన్నిచోట్ల ఎముక మితిమీరి మందమైంది, కొన్నిచోట్ల గుంటలు పూడకుండా ఉండిపోయాయి. ఇంకో మెలిక కూడా ఉంది. మూలకణాలను రప్పించే, తొలి దశలో వాటి సంఖ్య పెంచే టీజీఎఫ్-బీటాయే, అవి ముదిరి ఖనిజం పేర్చే దశకు వచ్చేసరికి అడ్డుగోడ అవుతుంది. అక్కడి నుంచి పగ్గాలు వేరే అణువులు తీసుకోవాలి. వాటిలో ఒకటి ఐజీఎఫ్-1. ఇది కూడా ఎముకలో నిల్వ ఉండి తవ్వకంలోనే బయటికి వస్తుంది, వచ్చిన మూలకణాలను ఆస్టియోబ్లాస్టులుగా మారుస్తుంది.

తవ్వకం ఇంకా నడుస్తుండగానే కట్టడం మొదలైతే అర్థం లేదు. ఆ తొందరను ఆపడానికి ఆస్టియోక్లాస్టు సెమా4డి అనే అణువును చూపిస్తుంది. అది ఆస్టియోబ్లాస్టు మీది ప్లెక్సిన్-బి1ను తాకి పనిని ఆపుతుంది. దీన్ని 2011లో జపాన్ శాస్త్రవేత్తలు వెల్లడించారు. 2018లో అదే దేశం నుంచి వచ్చిన మరో ఫలితం పాఠ్యపుస్తకాల్లోని ఒక బొమ్మనే మార్చేసింది. ర్యాంక్‌ఎల్ అనే అణువు ఎముక కణాల నుంచి వెళ్లి ఆస్టియోక్లాస్టుల మీదున్న ర్యాంక్ గ్రాహకాన్ని తాకి వాటిని పెంచుతుందని 1998 నుంచీ తెలుసు. ఆస్టియోప్రొటెజెరిన్ అనే అణువు మధ్యలో దాన్ని పట్టేసి ఆపుతుందనీ తెలుసు. 2018లో తేలిందేమంటే, ముదిరిన ఆస్టియోక్లాస్టులు ర్యాంక్ ఉన్న సూక్ష్మమైన సంచులను వదులుతాయి, అవి వెళ్లి ఆస్టియోబ్లాస్టు మీదున్న ర్యాంక్‌ఎల్‌ను తాకుతాయి. అప్పుడు సంకేతం వెనక్కి నడుస్తుంది. ర్యాంక్‌ఎల్ అక్కడ గ్రాహకంగా మారి రంక్స్2ను ఉత్తేజపరుస్తుంది, కట్టడం మొదలవుతుంది. తవ్వకాన్ని పెంచే అణువుగా పేరుపడ్డ ర్యాంక్‌ఎల్ కట్టడానికీ దారి తీస్తుందన్నమాట. తవ్వకాన్ని పూర్తిగా ఆపే మందులు వాడినప్పుడు కొంతకాలానికి కట్టడం కూడా ఎందుకు మందగిస్తుందో అర్థం చేసుకోవడానికి ఇలాంటి ముడులే ఆధారం.

వీటికి తోడు మరికొన్ని ఉన్నాయి. ఎముక విరిగినప్పుడు వచ్చే ప్రోస్టాగ్లాండిన్ ఇ2 కట్టే కణాలను పురికొల్పుతుంది. దాన్ని తయారుచేసే కాక్స్-2 ఎంజైము లేని ఎలుకల్లో విరిగిన ఎముక ఆలస్యంగా అతుక్కుంటుంది. రక్తనాళాల కణాలు నాగిన్‌నే వదిలి చుట్టూ ఉన్న ఎముకకు అనువైన హద్దులు గీస్తాయి. ఆస్టియోబ్లాస్టులు స్వయంగా తయారుచేసే పీటీహెచ్ఆర్‌పీ, పారాథైరాయిడ్ హార్మోన్ వాడే గ్రాహకాన్నే వాడుతుంది. ఆ గ్రాహకం దగ్గర వేళ ఎంత ముఖ్యమో టెరిపారటైడ్ చూపింది. పారాథైరాయిడ్ హార్మోన్‌లోని ఒక ముక్క ఇది. రోజుకొకసారి 20 మైక్రోగ్రాముల ఇంజెక్షన్‌గా ఇస్తే ఎముక పెరుగుతుంది. అదే హార్మోన్ రక్తంలో ఎడతెగకుండా ఎక్కువగా ఉంటే ఎముక కరుగుతుంది. అణువు ఒకటే, గ్రాహకం ఒకటే, గడియారమే తేడా.

ఈ భాష క్యాన్సర్లకూ తెలుసు. మల్టిపుల్ మైలోమా అనే మూలుగ క్యాన్సర్‌లో క్యాన్సర్ కణాలు డీకేకే1 అనే మరో వింట్ నిరోధకాన్ని వదిలి తమ చుట్టూ ఆస్టియోబ్లాస్టులను పని చేయనివ్వవని 2003లో తేలింది. అందుకే ఆ జబ్బులో ఎముకలో పడిన రంధ్రాలు పూడవు. ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకకు పాకినప్పుడు చాలాసార్లు దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది. ఆ కణాలు ఎండోథెలిన్-1, బీఎంపీల వంటివి వదిలి చుట్టూ అడ్డదిడ్డంగా ఎముకను కట్టిస్తాయి. ఎక్స్‌రేలో అది తెల్లటి మచ్చగా కనిపిస్తుంది. ఆ ఎముక దట్టంగా ఉన్నా పొరల అమరిక సరిగా లేక నాణ్యత ఉండదు.

ఇన్నేళ్ల ఈ పరిశోధన నుంచి వచ్చిన మందుల్లో అన్నిటికంటే నేరుగా పనిచేసేది రోమోసోజుమాబ్. స్క్లెరోస్టిన్‌ను పట్టేసే యాంటీబాడీ ఇది. 2019లో జపాన్, అమెరికా, ఐరోపాల్లో అనుమతి వచ్చింది. నెలకు 210 మిల్లీగ్రాములు, మొత్తం 12 నెలలు. 7,180 మంది మహిళల మీద జరిగిన పరీక్షలో, ఏడాదిలో కొత్తగా వెన్నుపూస విరిగినవాళ్లు ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో 1.8 శాతం, ఈ మందు తీసుకున్నవాళ్లలో 0.5 శాతం. ఎముక కరగడాన్ని తగ్గించే అలెండ్రోనేట్ అనే మందుతో పోల్చిన 4,093 మంది పరీక్షలో కూడా విరుగుళ్ల విషయంలో ఇదే మెరుగు. కాని మొదటి ఏడాదిలో తీవ్రమైన గుండె, మెదడు రక్తనాళ సమస్యలు రోమోసోజుమాబ్ తీసుకున్నవాళ్లలో 2.5 శాతం, అలెండ్రోనేట్ తీసుకున్నవాళ్లలో 1.9 శాతం. దాంతో గడచిన ఏడాదిలో గుండెపోటు గానీ, పక్షవాతం గానీ వచ్చినవాళ్లకు ఇవ్వకూడదని అమెరికాలో మందు వివర పత్రంలోనే గట్టి హెచ్చరిక పెట్టారు. స్క్లెరోస్టిన్ రక్తనాళాల గోడల్లో కూడా కొంత కనిపిస్తుంది. యాంటీబాడీ మాత్రం ఒళ్లంతా తిరుగుతుంది. ఎముకలో మాత్రమే మార్చాలనుకున్న మాటను అన్నిచోట్లా మార్చే మందు ఇది. బీఎంపీ మోతాదు నేర్పిన జాగ్రత్త ఇక్కడా వర్తిస్తుంది.

పన్నెండు నెలల గడువుకు మరో కారణం ఎముక ఇచ్చే ఎదురు జవాబు. మందు మొదలైన నెలలోపే కట్టడాన్ని సూచించే రక్త పరీక్ష విలువలు గబగబా పెరిగి, ఆపైన మందు ఇస్తున్నా తగ్గుముఖం పట్టి, ఏడాది తిరిగేలోపే మొదటి స్థాయికి వచ్చేస్తాయి. పగ్గం లాగేసుకున్నారని గుర్తించిన కణాలు మరింత స్క్లెరోస్టిన్‌నూ, దానితోపాటు డీకేకే1నూ తయారుచేస్తున్నాయని జంతువుల్లో చూశారు. అందుకే మందు ఆపగానే ఎముక కరగడాన్ని తగ్గించే మరో మందుకు మారాలని వైద్యులు చెబుతారు. అలా మారకపోతే ఏడాదిలో సంపాదించినది చేజారిపోతుంది. స్క్లెరోస్టిన్‌నూ డీకేకే1నూ ఒకేసారి పట్టుకునేలా రూపొందించిన జంట యాంటీబాడీ ఫలితాలు 2016లో వచ్చాయి. ఎలుకల్లోనూ కోతుల్లోనూ, ఒక్క స్క్లెరోస్టిన్‌ను ఆపినప్పటికంటే ఎక్కువ ఎముక పడింది, విరిగినచోట అతుకు మరింత గట్టిగా కుదిరింది.